తోడేలు రాయి: పరిభాష అనువాదంలో ఒక చారిత్రక పాఠం

విద్యుద్దీపంలో వెలిగే తీగ టంగ్‌స్టన్ అని చెప్పి, దాని సంకేతం డబ్ల్యు అని సైన్సు మాస్టారు నల్లబల్ల మీద రాయగానే ఏ తరగతిలోనైనా ఒక చేయి లేస్తుంది. ఆ మాటలో డబ్ల్యు ఎక్కడుందని పిల్లవాడి ప్రశ్న. జవాబు రసాయనశాస్త్రంలో దొరకదు, చరిత్రలో వెతకాలి. తెలుగు పంతులు ఈ గొడవలో తలదూర్చడానికి కారణం అదే.

జర్మన్ ప్రాంతాల తగరపు గనుల్లో పనిచేసినవారికి ఒక నల్లరాయి పెద్ద బెడద. ఖనిజంలో అది కలిస్తే కొలిమిలో తగరం దిగుబడి పడిపోయేది. గొర్రెను తోడేలు మింగినట్టు తగరాన్ని ఇది మింగుతోందని దానికి తోడేలు పేరు తగిలించారు. వోల్ఫ్రామ్ అన్న మాట పుట్టుక అది. ఏ పండితుడి ప్రమేయమూ లేకుండా శ్రమజీవి తన అనుభవం నుంచి చేసిన నిర్వచనం అది. టంగ్‌స్టన్ అన్నది స్వీడిష్ మాట. దాని అర్థం బరువు రాయి.

1781లో స్వీడన్‌లో షీలే ఈ బరువు రాయి నుంచి ఒక కొత్త ఆమ్లాన్ని తీశాడు. 1783లో స్పెయిన్ బాస్క్ ప్రాంతంలోని బెర్గారాలో హువాన్ హోసే, ఫౌస్తో ఎలుయార్ సోదరులు వోల్ఫ్రామ్ రాయి నుంచి అదే ఆమ్లాన్ని రాబట్టి, బొగ్గుపొడితో కాల్చి, మొదటిసారిగా లోహాన్ని వేరుచేశారు. ఏ రాయి నుంచి తీశారో ఆ రాయి పేరే దానికి పెట్టారు. వారి స్పానిష్ రచన 1785లో ఇంగ్లీషులోకి అనువాదమైంది. రచన చేరింది గాని వారు పెట్టిన పేరు అక్కడ నిలవలేదు. ఇంగ్లీషు స్వీడిష్ మాటనే పట్టుకుంది. తోడేలు గుర్తుగా సంకేతంలో ఒక్క అక్షరం మిగిలింది.

ఆ మాట స్పెయిన్‌లో పుస్తకాలకే పరిమితం కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లకు, కోత పనిముట్లకు ఈ లోహం అత్యవసరమైంది. ఫ్రాంకో ప్రభుత్వం దాన్ని హిట్లర్‌కు అమ్మింది. గలీసియా గనుల్లో పొట్టకూటికోసం వచ్చిన పేదలతోపాటు రాజకీయ ఖైదీలూ చెమటోడ్చారు. 1944 జనవరిలో అమెరికా, బ్రిటన్‌లు స్పెయిన్‌కు చమురు నిలిపివేశాక గాని ఆ ఎగుమతులకు కోత పడలేదు. అక్కడి వృద్ధులకు వోల్ఫ్రామ్ అంటే ఆకలి, జైలు, దొంగ వ్యాపారం.

1949లో వోల్ఫ్రామ్ వైపు మొగ్గిన అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య, 2005లో ఇంగ్లీషులో వెలువరించిన నామకరణ నియమావళిలో టంగ్‌స్టన్‌నే ఉంచింది. స్పానిష్ రసాయనవేత్తలు పిలార్ గోయా, పస్క్వాల్ రొమాన్‌లు ఆ ఏడాదే అభ్యంతరం తెలిపారు. 2007లో ఆ గ్రంథం స్పానిష్‌లోకి వచ్చినప్పుడు, అనువాదకుల్లో రొమాన్ ఒకరు కావడం గమనార్హం. వారి ముందున్న చిక్కును ఊహించుకోండి. "టంగ్‌స్టన్, సంకేతం డబ్ల్యు" అన్న నిర్వచనాన్ని మక్కికి మక్కి దించితే పేరుకూ సంకేతానికీ ఉన్న చుట్టరికం తెగిపోతుంది. స్పెయిన్‌లో వాడుకలో ఉన్న వోల్ఫ్రామియో అన్న మాటలో ఆ చుట్టరికం తనంత తానే కనిపిస్తుంది.

అయితే ఇక్కడ భాషాభిమానంతో కళ్ళు మూసుకోకూడదు. లాటిన్ అమెరికాలో ఎక్కువగా వినిపించేది తుంగ్‌స్తెనో. స్పానిష్ కూడా ఒకనాటి సామ్రాజ్యపు భాషే. ఈ ఫౌస్తో ఎలుయారే స్పెయిన్ రాజు కొలువులో గనుల అధిపతిగా 1788లో మెక్సికో చేరాడు. మాద్రిద్ ఎంచిన మాటే మెక్సికో కార్మికుడికీ ప్రమాణమని శాసిస్తే, అది ఇంగ్లీషు పెత్తనానికి తమ్ముడే అవుతుంది.

పెత్తనం లేని పద్ధతి కూడా ఆ భాషలోనే ఉంది. 117వ మూలకానికి 2016లో ఇంగ్లీషు పేరు టెన్నెసీన్ అని ఖాయమైంది. ఇంగ్లీషులో క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్‌ల వరుసలో అది చక్కగా అమరింది. స్పానిష్‌లో ఆ వరుస క్లోరో, బ్రోమో, యోదో. అందుకే స్పానిష్ సంస్థలు 2017లో ఆ తోకను కత్తిరించి తెనెసో అన్నాయి. మాట శబ్దాన్ని వదులుకుని, వరుసలో దాని స్థానాన్ని అనువదించారు. వరుస తెలిసిన పిల్లవాడు ఆ పేరు వినగానే దాని కుటుంబాన్ని గుర్తుపడతాడు. పరిభాష చేయవలసిన పని ఇదే.

మన సంగతి చూద్దాం. ఆక్సిజన్‌ను ఆమ్లజని అన్నాం. ఆమ్లాలన్నిటికీ అదే మూలమని లావోయిజే నమ్మి ఆ పేరు పెట్టాడు. ఆక్సిజన్ లేని ఆమ్లాలూ ఉన్నాయని 19వ శతాబ్ది ఆరంభంలోనే తేలింది. మనం మాటనే కాక అందులోని పొరపాటునూ భక్తిగా తెలుగు చేసి, పిల్లలచేత వల్లె వేయించాం. మూలంలోని తప్పు అక్కడివారికి గ్రీకు ముసుగులో కనబడలేదు. మనవాడికి ఆమ్లం అన్న మాట తెలుసు గనుక సూటిగా తప్పే చేరింది.

కనుక నిర్వచనాన్ని అనువదించేవాడు నిఘంటువు తెరవకముందు ఆ వస్తువు చరిత్ర తెరవాలి. దానితో పనిచేసిన మనుషులు దాన్ని ఏమని పిలిచారో వినాలి. పరిభాషా సంఘాల్లో పండితుల పక్కన గని కార్మికుడికీ, కొలిమి పనివాడికీ ఒక కుర్చీ వేయనంతకాలం, చేయెత్తి అడిగే పిల్లవాడికి మన దగ్గర "బట్టీపట్టు" అన్న జవాబే మిగులుతుంది.