దుమ్ము పీల్చే యంత్రం – విడిభాగాల వేట



ప్రత్యేక సంచికకు ఒక చారిత్రక వ్యాసం పంపమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, రాజుల గురించో యుద్ధాల గురించో వ్రాసే పాండిత్యం నాకు లేదని మనవి చేసుకున్నాను. "మీకు తెలిసిందే వ్రాయండి" అన్నారు. ముప్ఫై మూడేళ్లు మన సంస్థ స్టోర్సులో పనిచేసినవాడికి తెలిసేది ఒక్కటే – విడిభాగం. యంత్రం ప్రాణం ఇంజనీరు చేతిలో కాదు, స్టోర్సు బీరువాలో ఉంటుందని మేము సరదాగా అనుకునేవాళ్లం. అందుచేత మా ఇంట్లో 1989 నుంచి ఉన్న ఒక వాక్యూమ్ క్లీనరు గురించి, దాని విడిభాగాల కోసం నేను తిరిగిన తిరుగుడు గురించి, ఆ తిరుగుడులో తెలుసుకున్న చరిత్ర గురించి నాలుగు మాటలు మీ ముందు ఉంచుతున్నాను.

మా ఆవిడకు దుమ్ము పడదు. ఇల్లు దులిపిన రోజు రాత్రి పిల్లికూతలు, ఆయాసం తప్పేవి కావు. అప్పట్లో మా బావమరిది కువైట్‌లో పనిచేసేవాడు. 1989 వేసవిలో సెలవు మీద వచ్చినప్పుడు అక్కకోసం ఈ యంత్రాన్ని అట్టపెట్టెలో మోసుకొచ్చాడు. దాని ప్లగ్గుకు బల్లపరుపు పిన్నులు ఉండేవి. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు నేనే బిగించాను. అక్కడి కరెంటూ మన కరెంటూ దాదాపు ఒకటే కావడంతో వేరే ఇబ్బంది లేకపోయింది. వీధిలోని పిల్లలంతా కిటికీ దగ్గర చేరి ఆ మోత విన్నారు.

మరుసటి సంవత్సరం, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. ఆ తరువాత జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాలలో లక్షా డెబ్భై వేలమందికి పైగా మనవాళ్లను స్వదేశానికి చేర్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వారిలో మా బావమరిది ఒకడు. ఒక్క చేతిసంచీతో బొంబాయిలో దిగాడు. ఏడేళ్ల సంపాదన, ఇంటి సామాను అంతా అక్కడే ఉండిపోయింది. తిరిగి వెళ్లలేదు. ఊళ్లోనే చిన్న దుకాణం పెట్టుకుని బతికి, 2011లో కాలం చేశాడు. అతని కువైట్ రోజుల గుర్తుగా మిగిలింది మా ఇంట్లోని ఈ యంత్రం ఒక్కటే. దీన్ని పారేద్దామని ఎవరన్నా అంటే మా ఆవిడ ముఖం ఎందుకు మారిపోతుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక చరిత్రకు వద్దాం. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు ఒక యంత్ర ప్రదర్శన చూశాడు. ఆ యంత్రం గాలిని ఊది దుమ్మును లేపేది. లేచిన దుమ్ములో చాలా భాగం మళ్లీ అక్కడే పడేది. ఊదడం కాక పీలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు వచ్చింది. ఒక హోటల్లో మెత్తటి కుర్చీ మీద చేతిరుమాలు పరిచి నోటితో గట్టిగా పీల్చాడు. దగ్గు వచ్చింది గాని, రుమాలుకు అంటుకున్న దుమ్ము చూసి తన ఊహ నిజమని తెలుసుకున్నాడు. ఆ ఏడాదే పేటెంటు పొందాడు. ఆయన యంత్రం ఎంత పెద్దదంటే, దాన్ని గుర్రపుబండి మీద వీధిలోకి తెచ్చి నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల గుండా ఇళ్లలోకి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాసీలను ఆ యంత్రంతోనే శుభ్రం చేశారు.

దాన్ని సామాన్యుల ఇంటికి తగినట్లు చిన్నది చేసినవాడు ఇంజనీరు కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ పట్టణంలో ఒక దుకాణంలో ఊడ్చే పనిచేసే జేమ్స్ మర్రే స్పాంగ్లర్. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముతో వేగలేక, ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక పరికరం తయారు చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. తోలు వస్తువులు తయారుచేసే విలియం హూవర్ ఆ హక్కులు కొని వ్యాపారం మొదలుపెట్టాడు. బ్రిటన్‌లో ఈ యంత్రంతో ఇల్లు తుడవడాన్ని ఆయన పేరుతోనే పిలవడం అలవాటైపోయింది. స్వీడన్‌లోని ఎలక్ట్రోలక్స్ కంపెనీ 1921లో నేలమీద పడుకున్నట్లు జారే సిలిండరు ఆకారపు నమూనా తెచ్చింది. మన దేశంలో 1982లో ఆ ఎలక్ట్రోలక్స్ భాగస్వామ్యంతోనే యురేకా ఫోర్బ్స్ ఏర్పడింది. టై కట్టుకున్న కుర్రవాళ్లు ఇంటింటికీ వచ్చి మన తివాసీ మీది దుమ్ము మనకే చూపించిన రోజులు మీకు తెలిసినవే. స్పాంగ్లర్ కథ చెప్పినప్పుడు మా ఆవిడ, "ఆయాసం వచ్చినవాడికే ఈ బాధ తెలుస్తుంది" అన్నది.

ఈ యంత్రంలో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. ఒక మోటారు, దాని ఇరుసుకు రెక్కల చక్రం, ముందు దుమ్ముసంచీ, దానికి ముందు గొట్టం. మన సీలింగు ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరిగితే ఈ మోటారు ఇరవై వేలకు పైగా తిరుగుతుంది. అంత వేగం కనుక తిరిగే కమ్యుటేటరుకు ఆనుకుని ఉండే కార్బన్ బ్రష్షులు అరుగుతాయి, బేరింగులు అరుగుతాయి. సంచీ చిరుగుతుంది, గొట్టం మెడ దగ్గర పగులుతుంది. వీటిలో ఏది పోయినా యంత్రం మొత్తం మూలపడుతుంది.

మాకు మొదట అయిపోయినవి కాగితపు సంచులు. బావమరిది తెచ్చిన డజను సంచులూ రెండేళ్లలో అయిపోయాయి. ఇక్కడ ఏ దుకాణంలోనూ ఆ కొలత దొరకలేదు. మా ఆవిడ పాత సంచీ విప్పి, అదే కొలతకు మందపాటి నూలుగుడ్డ రెండు పొరలుగా కుట్టింది. అట్టమూతిని మాత్రం భద్రంగా మళ్లీ వాడుకున్నాం. స్పాంగ్లర్ దిండు గలీబు కట్టిన ఎనభై ఏళ్ల తరువాత మా ఇంట్లో అదే పని జరిగిందన్నమాట. ఆ సంచీని దులిపే పని మాత్రం నాది, అదీ పెరట్లో, ఆమెను లోపల ఉంచి.

తరువాత బ్రష్షులు. 1996లో మోటారులో నిప్పురవ్వలు ఎక్కువై ఆగిపోయింది. సికింద్రాబాదు రాణిగంజ్‌లో డ్రిల్లింగు మిషన్ల బ్రష్షులు అమ్మే ఒక దుకాణంలో పాత ముక్క చూపించాను. సరిగ్గా అదే లేదు, కొంచెం లావుది ఉంది. దాన్ని సన్నటి గరుకు కాగితం మీద రుద్ది, గూటిలో వదులూ బిగువూ కాకుండా జారేటట్లు చేశాను. యంత్రం పలికింది. 2004లో బేరింగు పోయినప్పుడు ఆ పాటి శ్రమ కూడా లేదు. దాని మీద 608 అని అంకె ఉంది. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, వెడల్పు 7. ఆ అంకె చెబితే ప్రపంచంలో ఏ ఊళ్లోనైనా అదే కొలత బేరింగు ఇస్తారు. కౌంటరు దగ్గర పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు.

ఇక్కడే నాకు ఒక సంగతి తట్టింది. స్టోర్సులో ఉన్నన్నాళ్లూ చూసినదే, ఇంట్లో అనుభవానికి వచ్చింది. నలుగురూ ఒప్పుకున్న కొలతతో చేసిన భాగానికి చావు లేదు. ఒక కంపెనీ తనకు మాత్రమే పనికివచ్చేట్లు చేసుకున్న భాగం ఆ కంపెనీతోనే పోతుంది. కంపెనీలు మనుషులకన్నా తొందరగా ఇల్లు మారుస్తాయి. హూవర్ పేరే చూడండి. అమెరికా శాఖ 1989లో మేటాగ్ చేతికి, 2006లో వర్ల్‌పూల్ చేతికి, 2007లో హాంగ్‌కాంగ్‌కు చెందిన మరో సంస్థకు వెళ్లింది. ఐరోపా శాఖ 1995లో ఇటలీ కంపెనీ కాండీకి పోయింది. 2019లో ఆ కాండీని చైనా కంపెనీ హయర్ కొన్నది. పేరు ఒకటే, యజమానులు వేరు. అక్కడి గొట్టం ఇక్కడి యంత్రానికి పడుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి విడిభాగం వెతికేటప్పుడు పేరు కన్నా కొలత ముఖ్యం.

గొట్టం విషయంలో ఆ సూత్రమే కలిసివచ్చింది. మొదటిసారి పిడి దగ్గర పగిలినప్పుడు, పిడిని తిప్పితే గొట్టం మరలాగా ఊడింది. పగిలిన జానెడు ముక్క కోసి, మిగిలినది మళ్లీ తిప్పి బిగించాను. అలా మూడుసార్లు కోసేసరికి గొట్టం మరీ పొట్టిదై, మా ఆవిడ నడుము వంచవలసి వచ్చింది. అప్పుడు వెర్నియరుతో మూతి కొలిచి, కోఠీలో వేరే కంపెనీ గొట్టం కొని, పాత పిడులు దానికి తగిలించాను.

అసలు పరీక్ష 2018లో వచ్చింది. అది నా తప్పే. గుడ్డసంచీ దులపడం నాలుగు వారాలు మరిచిపోయాను. ఇలాంటి యంత్రంలో సంచీ గుండా వచ్చిన గాలే మోటారును చల్లబరుస్తుంది. దారి మూసుకుంటే మోటారు కూత పెరుగుతుంది. పాపం కష్టపడుతోందని మనం అనుకుంటాం. నిజానికి తోయడానికి గాలి లేక భారం తగ్గి వేగం పెరుగుతుంది, చల్లబడే దారి మాత్రం పోతుంది. ఆ కూత విని కూడా నేను ఆపలేదు. కాలిన వాసన వచ్చింది. ఒక రిపేరు షాపులో చూపిస్తే, "పడేయండి సార్, పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేయడమే" అన్నాడు. ఇంటికి తెచ్చాను. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తడిగుడ్డతో తుడిచి మంచం కింద పెట్టింది. అంతకన్నా నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదనిపించింది.

మరునాడు ఒక కాగితం తీసుకుని, ఉద్యోగంలో ఇండెంటు వ్రాసినట్లు వ్రాసుకున్నాను. వోల్టులు, వాట్లు, మోటారు వ్యాసం, మొత్తం ఎత్తు, రెక్కల గిన్నె ఎత్తు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ట్రూప్ బజారు, కోఠీ, రాణిగంజ్ తిరిగాను. అయిదు నెలల తరువాత ఎర్రగడ్డ ఆదివారం సంతలో, పైడొల్ల పగిలిన వేరే కంపెనీ యంత్రం ఒకటి కనబడింది. వ్యాసం సరిపోయింది, ఎత్తు మాత్రం కొద్దిగా తక్కువ. ఐదు వందలకు తెచ్చి, ఆ తేడాను రబ్బరు షీటు వాషరుతో పూడ్చాను. తెలిసిన ఎలక్ట్రీషియను చేత ఇన్సులేషను, ఎర్తు పరీక్ష చేయించిన తరువాతే స్విచ్చి వేశాను. పలికింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "మావాడి గొంతు కాస్త మారింది" అని నవ్వింది. ఆ తరువాత చాలాసేపు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ప్రభుత్వాలు కూడా ఈ విషయం ఆలోచించడం మొదలుపెట్టాయి. ఐరోపా సమాఖ్య 2013లో చేసిన నిబంధన ప్రకారం, 2017 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే వాక్యూమ్ క్లీనరు గొట్టం 40,000 సార్లు వంచినా పనికిరావాలి, మోటారు కనీసం 500 గంటలు నడవాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీని వేసి, ఆ ఏడాది డిసెంబరులోనే దానికోసం ప్రత్యేక పోర్టల్ ప్రారంభించింది. సంతోషమే. కాని ఇవి ముందుముందు కొనే యంత్రాలకు పనికివచ్చే మాటలు. మన ఇళ్లలోని పాతవాటికి మనమే దిక్కు.

అనుభవం మీద కొన్ని మనవులు. విడిభాగానికి వెళ్లేటప్పుడు పాత ముక్కను తప్పక వెంట తీసుకువెళ్లండి. మాటలతో వర్ణిస్తే వేరేది అంటగడతారు. మోటారు పలక మీది అంకెలు యంత్రం బాగున్నప్పుడే ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి, తుడిచి తుడిచి అవి చెరిగిపోతాయి. సంచీ లేకుండా ఒక్క నిమిషం కూడా నడపవద్దు. విప్పేముందు ప్లగ్గు తీయండి. తీగ పైతొడుగు పెళుసుబారినా, ముట్టుకుంటే చిమచిమలాడినా మమకారం పక్కనపెట్టి ఆపేయండి. జ్ఞాపకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోరాదు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మనలో చాలామంది ఇళ్లలో మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఇలాంటి యంత్రాలు చెడి మూలన పడి ఉన్నాయి. ఒకరి యంత్రంలో పోయిన భాగం మరొకరి చెడిన యంత్రంలో బాగుండవచ్చు. పారేసేముందు సంఘం కార్యాలయానికి తెండి. అక్కడ ఖాళీగా ఉన్న ఇనుప బీరువాలో ఒక అర ఇస్తే చాలు. విప్పి, కొలిచి, చీటీ కట్టి పెట్టే పని నేను చూసుకుంటాను. బిన్ కార్డు వ్రాయడం ఇంకా మరిచిపోలేదు. ప్రస్తుతం మా యంత్రానికి నేల తుడిచే బ్రష్షు ఒక్కటి కావాలి. గొట్టం చివర వ్యాసం 32 మిల్లీమీటర్లు. ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.