మూడు ‘ఎం’లలో లేని డిస్కు: మీ ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ వెనకున్న కథ

నాయుడుపేట నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. ఈ ఎపిసోడ్‌కి కారణం మా చిన్నాయన కొడుకు. తిరుపతిలో బీటెక్ చదువుతున్నాడు. వీడియో ఎడిటింగ్‌కీ, కోడింగ్‌కీ పనికొచ్చేలా మంచి పవర్‌ఫుల్ ల్యాప్‌టాప్ కొన్నాడు. అందులో ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ వేసుకోవాలి. ఫోన్ చేసి, “అన్నా, ఒకదాని మీద సెకనుకి 7,000 ఎంబీ అని ఉంది, ఇంకోదాని మీద 14,000 అని ఉంది. నాయన ఇచ్చిన డబ్బులు పెద్దదానికి సరిపోతాయి. కొనేయనా?” అన్నాడు.

“ఆగరా అబ్బయ్యా” అన్నాను. ఎందుకు ఆగమన్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మా నాయుడుపేట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. అప్పట్లో మా పక్క జిల్లా అంటే చిత్తూరు. ఆ చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన మనిషి రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆయనే. 1980ల మొదట్లో, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయనా, ఆయన తోటివాళ్ళూ ఒక లెక్క చెప్పారు. రీసెర్చ్ చేసేవాడి టేబుల్ మీద కనీసం ఎలాంటి కంప్యూటర్ ఉండాలి? ఒక మెగాబైట్ మెమరీ, ఒక మెగాపిక్సెల్ స్క్రీన్, సెకనుకి ఒక మిలియన్ ఇన్‌స్ట్రక్షన్లు నడిపే ప్రాసెసర్. దీన్నే ‘3ఎం’ కంప్యూటర్ అన్నారు. ఈరోజు మనం షాపులో ర్యామ్, డిస్‌ప్లే, ప్రాసెసర్ అని అడుగుతున్నామే, ఆ మూడూ అవే.

గమనించారా? ఆ మూడింట్లో డిస్కు వేగం లేదు. ఆ తప్పు వాళ్ళది కాదు. డిస్కు అంటేనే నిదానం అని అందరూ ఒప్పుకున్న రోజులవి.

1956 సెప్టెంబర్‌లో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి రెండు నెలల ముందు, ఐబీఎం తన మొదటి హార్డ్ డిస్కుని బయటపెట్టింది. పేరు రామాక్. 24 అంగుళాల పళ్ళేలు 50, ఒకదాని మీద ఒకటి. అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. కావలసిన చోటికి చెయ్యి చేరడానికి సుమారు 600 మిల్లీసెకన్లు. మరి నేను బీటెక్‌లో వాడిన ల్యాప్‌టాప్ సంగతి? అందులో డిస్కు నిమిషానికి 5,400 చుట్లు తిరిగేది. ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. సగటున అర చుట్టు ఆగాలి, హెడ్ జరగడానికి ఇంకో పది. మొత్తం 15 అనుకోండి. 50 ఏళ్ళు దాటినా ఈ ఎదురుచూపు తగ్గింది 40 రెట్లే. ప్రాసెసర్లు ఆలోపు లక్షల రెట్లు పరిగెత్తాయి. అందుకే ల్యాప్‌టాప్ ఆన్ చేసి స్నానానికి పోయి వచ్చినా ఆ చక్రం ఇంకా తిరుగుతానే ఉండేది.

డిస్కుని తక్కువగా చూస్తే ఏమవుతుందో స్టీవ్ జాబ్స్‌కే అనుభవం. 3ఎం ఆలోచనని పట్టుకుని 1988లో నెక్స్ట్ కంప్యూటర్ తెచ్చాడు. మెమరీ 8 మెగాబైట్లు, స్క్రీన్ మెగాపిక్సెల్‌కి దగ్గర. కానీ స్టోరేజ్‌గా 256 మెగాబైట్ల మాగ్నెటో ఆప్టికల్ డ్రైవ్ పెట్టాడు. అది నత్తనడక నడిచింది. అంత మంచి మిషన్ మీద మొదటి ఫిర్యాదు అదే. తర్వాతి మోడళ్ళలో హార్డ్ డిస్కు పెట్టక తప్పలేదు.

ఆ సమయానికే జపాన్‌లో తోషిబా ఇంజనీర్ ఫుజియో మసుఓకా దారి మార్చేశాడు. 1987లో నాండ్ ఫ్లాష్‌ని ప్రకటించాడు. తిరిగేదీ లేదు, జరిగే చెయ్యీ లేదు. 1988లో ఎలీ హరారీ, సంజయ్ మెహ్రోత్రా, జాక్ యువాన్ కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత శాన్‌డిస్క్ అయింది. 1991లో వాళ్ళు చేసిన ఎస్‌ఎస్‌డీ 20 మెగాబైట్లు. ఆ మెహ్రోత్రా తర్వాత మైక్రాన్‌కి సీఈఓ అయ్యాడు. ఆ మైక్రాన్‌కి మన హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటరే ఉంది. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 64 జీబీ ఎస్‌ఎస్‌డీ కావాలంటే అదనంగా 999 డాలర్లు కట్టాలి. అప్పటి లెక్కలో దాదాపు 40 వేల రూపాయలు!

ఇక 2011లో ఎన్‌వీఎంఈ వచ్చింది. అంతకుముందు సాటా డ్రైవ్‌కి ఒకటే క్యూ, అందులో 32 పనులు. ఎన్‌వీఎంఈలో 65 వేల క్యూలు పెట్టుకోవచ్చు. తిరుమలలో ఒక్క లైనులో అందరినీ నిలబెట్టడానికీ, అన్ని గేట్లూ తెరవడానికీ ఉన్నంత తేడా.

కానీ కిటుకు ఇక్కడే ఉంది. సాటా 550, జెన్ 3 అయితే 3,500, జెన్ 4 అయితే 7,000, జెన్ 5 అయితే 14,000. ఇవన్నీ ఒక పెద్ద ఫైల్‌ని ఏకబిగిన చదివే వేగాలు. విండోస్ లేవడానికి, కోడ్ కంపైల్ కావడానికి కావలసింది వేలకొద్దీ చిన్న ముక్కలు. పాత డిస్కు సెకనుకి 60, 70 ముక్కలు తెచ్చేది. మామూలు ఎస్‌ఎస్‌డీ వేలల్లో తెస్తుంది. పెద్ద దూకుడు అదే, అది అయిపోయింది. 7,000 నుంచి 14,000కి పోతే ఈ పనుల్లో తేడా మీ కంటికి ఆనదు. పైగా జెన్ 5కి వేడెక్కువ. మా ఊరి రోహిణి కార్తెలో, పల్చటి ల్యాప్‌టాప్‌లో, వేడెక్కితే తనంతట తనే నెమ్మదిస్తుంది. స్లాట్ జెన్ 4 అయితే ఆ 14,000 కూడా 7,000 దగ్గరే ఆగుతుంది.

బాక్స్ ముందు వైపు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఒక్కో సెల్‌లో మూడు బిట్లు పెడితే టీఎల్‌సీ, నాలుగు పెడితే క్యూఎల్‌సీ. మా వైపు రైస్ మిల్లు చూసుంటారు. ముందు ఖాళీ జాగా ఉన్నంతసేపు వడ్ల లారీలు చకచకా దిగుమతి అవుతాయి. జాగా నిండిందా, మిల్లు ఆడే వేగమే లారీ వేగం. డ్రైవ్‌లో క్యాష్ ఆ జాగా లాంటిది. చవక క్యూఎల్‌సీలో అది నిండితే, వేలల్లో ఉన్న వేగం వందల్లోకి పడిపోతుంది.

ఇది నేను డబ్బులు పెట్టి నేర్చుకున్నా. ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో, బాక్స్ మీద అంకె చూసి ఒక పేరులేని డ్రైవ్ కొన్నాను. మా తాత చిన్నప్పటి ఊరి సంగతులు చెప్తుంటే 40 నిమిషాలు రికార్డ్ చేసి అందులోనే పెట్టాను. ఇంకో కాపీ తీయలేదు. హార్డ్ డిస్కు పోయే ముందు టక్‌టక్‌మని చెప్పి పోతుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏమీ చెప్పదు. ఒక పొద్దున డ్రైవ్ కనిపించలేదు, అంతే. వారంటీలో కొత్తది ఇచ్చారు. మళ్ళీ రికార్డ్ చేద్దామంటే అప్పటికి తాత లేడు.

అందుకే మా తమ్ముడికి నాలుగు మాటలు చెప్పాను. మొదట నీ స్లాట్ ఏ జెన్‌దో, ఎంత పొడవు కార్డు పడుతుందో చూసుకో, ఎక్కువగా 2280 ఉంటుంది. టీఎల్‌సీ ఉన్న, ఐదేళ్ళ వారంటీ ఉన్న జెన్ 4 డ్రైవ్ తీసుకో. టీబీడబ్ల్యూ అంటే మొత్తం ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ వర్తిస్తుందో, అది కూడా చదువు. నాలుగోది, మిగిలిన డబ్బులు నాయనకి తిరిగివ్వొద్దు, వాటితో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని బ్యాకప్ పెట్టుకో.

“ఏందన్నా, మళ్ళీ ఆ తిరిగే డిస్కేనా?” అని నవ్వాడు.

అవును, అదే. ల్యాప్‌టాప్‌లో దాని కాలం అయిపోయింది గానీ, బీరువాలో ఇంకా ఉంది. ఈ వీడియో రా ఫుటేజ్ కూడా అందులోనే దాచాను. మళ్ళీ వారం కలుద్దాం, ఉంటా.