సి.గోపాలన్: జామలో విటమిన్ ఎంత, జొన్నతో పెల్లాగ్రా ఎందుకు? దేశానికి తిండి లెక్క చెప్పిన శాస్త్రవేత్త.. హైదరాబాద్‌తో ఆయన బంధం ఇదే

వంద గ్రాముల కందిపప్పులో 22.3 గ్రాముల ప్రొటీన్. వంద గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం. డైటీషియన్ చెప్పినా, హోమ్ సైన్స్ పుస్తకంలో చదివినా, మొబైల్‌లో హెల్త్ వీడియో చూసినా ఇలాంటి అంకెలు తరచూ వినిపిస్తుంటాయి. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం చాలామందికి తెలియదు. దశాబ్దాల పాటు ఈ లెక్కలకు మూలం ఒకే పుస్తకం. అది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వచ్చిన ‘న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్’. దాని అట్ట మీద మొదటి పేరు సి.గోపాలన్.

పూర్తి పేరు కొలత్తూర్ గోపాలన్. భారత పోషకాహార శాస్త్రానికి పితామహుడని చాలామంది పిలిచే డాక్టర్. అయితే ఆయన పని పట్టికలతో ఆగిపోలేదు. పేద పిల్లల ఎదుగుదలకు తక్కువ కొలత పెట్టొద్దని జీవితాంతం వాదించారు. ఆ వాదన ఇవాళ్టి అంగన్‌వాడీ గ్రోత్ చార్టుకు కూడా సంబంధించిందే.

కూనూర్ నుంచి హైదరాబాద్‌కు

గోపాలన్ 1918 నవంబర్ 29న సేలంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, లండన్‌లో పరిశోధన పట్టా తీసుకున్నారు. తర్వాత నీలగిరి కొండల్లోని కూనూర్‌లో ఉన్న న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో చేరారు. విశేషం ఏంటంటే ఆ ల్యాబ్ కూడా 1918లోనే మొదలైంది. బ్రిటిష్ డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు ఒక గదిలో దాన్ని ప్రారంభించారు.

1958లో ల్యాబ్ హైదరాబాద్‌కు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్ అయింది. 1960ల్లో దాన్ని నడిపించింది గోపాలనే. హైదరాబాద్‌కు రావడంతో తెలంగాణ పల్లెలు ల్యాబ్‌కు దగ్గరయ్యాయి. ఆసుపత్రి వార్డు, పక్కనే ప్రయోగశాల, కాస్త దూరంలో ఊళ్లు. ఆయన ముఖ్యమైన పరిశోధనలు చాలావరకు ఈ మూడింటి మధ్యే జరిగాయి.

జొన్న తినేవాళ్లకే పెల్లాగ్రా ఎందుకు?

పెల్లాగ్రా వస్తే ఎండ తగిలే చోట చర్మం నల్లబడి, పొలుసులుగా ఊడుతుంది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ కనిపిస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, మతి కూడా చెదురుతుంది. నయాసిన్ అనే బి విటమిన్ కొరతతో వచ్చే ఈ జబ్బు ప్రపంచమంతా మొక్కజొన్న మీద బతికేవాళ్లలో కనిపించింది. దక్కన్‌లో మాత్రం జొన్న తినే పేదల్లో వచ్చింది. జొన్నలో నయాసిన్ మరీ తక్కువేం కాదు. మరి జబ్బు ఎలా వచ్చింది?

1960లో గోపాలన్, ఆయన సహచరుడు ఎస్.జి.శ్రీకాంతయ్య ‘లాన్సెట్’ పత్రికలో ఓ సమాధానం ఇచ్చారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. శరీరం తనకు కావాల్సిన నయాసిన్‌ను తయారు చేసుకునే దారికి అది అడ్డు పడుతోందన్నది వాళ్ల వాదన. దీంతో ల్యూసిన్ తక్కువగా ఉండే జొన్న రకాల కోసం వెతుకులాట కూడా మొదలైంది.

ఈ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. వేరే ల్యాబుల్లో కొన్ని ప్రయోగాలు అదే ఫలితం ఇవ్వలేదు, చర్చ చాలా ఏళ్లు సాగింది. ఒక విషయం మాత్రం నిలిచింది. గింజలో విటమిన్ ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, మిగతా తిండితో కలిసి అది శరీరంలో ఎలా పనిచేస్తుందో కూడా చూడాలి. ఇప్పుడు జొన్న రొట్టె తినేవాళ్లు దీనికి భయపడాల్సిన పనిలేదు. ఆ రోజుల్లో జబ్బు పడినవాళ్లు పప్పు, పాలు, కూర దాదాపు లేకుండా రోజూ జొన్న ఒక్కటే తిన్నవాళ్లు. తిండిలో రకాలు పెరిగాక పెల్లాగ్రా బాగా తగ్గిపోయింది.

ప్రొటీన్ పొడి కాదు, కడుపు నిండా అన్నం

1960ల్లో ప్రపంచమంతా ఒకటే మాట. పేద దేశాల పిల్లలకు ప్రొటీన్ కొరత ఉంది, ప్రొటీన్ పొడులు కావాలి. ముంచుకొస్తున్న ప్రొటీన్ సంక్షోభం గురించి 1968లో ఐక్యరాజ్య సమితి నివేదికే వెలువడింది.

హైదరాబాద్ పరిశోధనల్లో కనిపించింది వేరు. ఒంట్లో నీరు చేరి కాళ్లు, ముఖం ఉబ్బితే క్వాషియోర్కర్. ఎముకల గూడులా చిక్కిపోతే మరాస్మస్. మొదటిది ప్రొటీన్ లోపం, రెండోది కేలరీల లోపం అని అప్పటి పుస్తకాలు చెప్పేవి. గోపాలన్ బృందం పల్లె పిల్లలను వరుసగా గమనించింది. రెండు రకాల పిల్లలూ తిన్న తిండిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే తిండికి ఒక్కో శరీరం ఒక్కోలా తట్టుకుంటోందని 1968లో ఆయన రాశారు. దీని మీదా చర్చ ఆగలేదు, క్వాషియోర్కర్ అసలు కారణం కోసం పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది.

1973లో మరో పేపర్. ఈసారి పల్లె పిల్లలకు గోధుమ పిండి, చక్కెర, నూనెతో చేసిన చిరుతిండి పెట్టారు. రోజుకు 310 కేలరీలు, అందులో ప్రొటీన్ 3 గ్రాములే. 14 నెలల తర్వాత చూస్తే, ఆ తిండి అందని పిల్లల కంటే వీళ్లు బాగా పెరిగారు.

అంటే ప్రొటీన్ అక్కర్లేదని కాదు. కేలరీలు చాలకపోతే తిన్న ప్రొటీన్‌ను కూడా శరీరం ఇంధనంగా కాల్చేస్తుంది. పొయ్యిలోకి కట్టెలు లేక ఇంటి తలుపు విరిచి మంట పెట్టుకున్నట్టు. ఇంట్లో వండే అన్నం, రొట్టె, పప్పే పిల్లాడికి కడుపు నిండా దొరికితే ప్రొటీన్ కొరత కూడా చాలావరకు తీరుతుందన్నది గోపాలన్ మాట. ఖరీదైన డబ్బా కంటే ఇంటి గిన్నె ముఖ్యమని చెప్పడానికి ఆయన దగ్గర లెక్కలున్నాయి.

తాను చూసిన పథకాన్నే ప్రశ్నించారు

విటమిన్ ఎ లోపంతో అప్పట్లో చాలామంది పిల్లల చూపు పోయేది. ఎన్‌ఐఎన్ ఊళ్లలో పరీక్షించి చూసిన పెద్ద మోతాదు విటమిన్ ఎ డోసు, 1970లో జాతీయ కార్యక్రమంగా మారింది. ఆరు నెలలకోసారి పిల్లల నోట్లో చెంచాతో పోసే ఆ పసుపు మందు ఇప్పటికీ కొనసాగుతోంది.

తర్వాతి దశాబ్దాల్లో దాన్ని ప్రశ్నించినవాళ్లలో గోపాలన్ ముందున్నారు. కంటిచూపు తీసే తీవ్ర లోపం బాగా తగ్గిందని, ఇక అవసరం చూడకుండా అందరికీ డోసులు పోయడం కంటే ఆకుకూరలు, పండ్లు అందేలా చూడాలని వాదించారు. డోసులు పిల్లల మరణాలను తగ్గిస్తాయని చెప్పే పరిశోధకులు దీన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. ఒకప్పుడు తన సంస్థే దారి చూపిన పథకమని ఆయన మాత్రం మొహమాటపడలేదు.

‘చిన్నగా ఉన్నా ఆరోగ్యమే’ అంటే ఒప్పుకోలేదు

1980ల మొదట్లో అమెరికా ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ ఓ వాదన తెచ్చారు. పేద దేశాల్లో పొట్టిగా ఉన్న పిల్లల్లో ఎక్కువమంది తక్కువ తిండికి సర్దుకున్నవాళ్లే, వాళ్లు చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారని. దీన్ని ఒప్పుకుంటే పోషకాహార లోపం లెక్క కాగితం మీద ఒక్కసారిగా తగ్గిపోతుంది. బడ్జెట్ కూడా తగ్గించుకోవచ్చు.

గోపాలన్ 1983లో జవాబు రాశారు. చిన్నగా ఉంటే ఆరోగ్యమా? ఆ మాట పేదలకేనా, ధనికులకు వర్తించదా? అని శీర్షికలోనే నిలదీశారు. బాగా తినే ఇళ్ల భారతీయ పిల్లలు ఇతర దేశాల పిల్లల్లాగే పెరుగుతున్నప్పుడు, పేదింటి పిల్లల పొట్టితనం జాతి లక్షణం ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న.

జవాబు 2006లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను కొలిచి కొత్త ఎదుగుదల ప్రమాణాలు ఇచ్చింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. సరైన తిండి, సంరక్షణ ఉంటే ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కడైనా దాదాపు ఒకేలా పెరుగుతారని తేలింది. ఇవాళ అంగన్‌వాడీల్లో పిల్లలను కొలిచేది ఆ ప్రమాణాలతోనే.

మిగిల్చి వెళ్లినవి

దేశం ఏం తింటోందో ఊరూరా సర్వే చేసే జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం 1972లో ఎన్‌ఐఎన్ కేంద్రంగా ఏర్పడింది. గోపాలన్ 1974లో భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్ అధిపతి అయ్యారు. 1980లో ఢిల్లీలో న్యూట్రిషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా పెట్టి, దాని బులెటిన్‌లో దశాబ్దాల పాటు రాశారు. 1987లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. పద్మశ్రీ, పద్మభూషణ్ అందుకున్నారు. 2019 అక్టోబర్ 3న, వందేళ్లు దాటిన వయసులో చెన్నైలో కన్నుమూశారు.

ఆహార పట్టికలు ఆయన ఒక్కరివే కావు. 1937లో ఎయిక్‌రాయిడ్ మొదలుపెట్టిన పనిని గోపాలన్ బృందం విస్తరించి 1971లో కొత్త పుస్తకంగా తెచ్చింది. 2017లో ఎన్‌ఐఎన్ 528 ఆహారాలతో కొత్త పట్టికలు విడుదల చేసింది. పాత పుస్తకంలోని ఒక పోలిక మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. వంద గ్రాముల జామపండులో విటమిన్ సి 212 మిల్లీగ్రాములు. యాపిల్‌లో 1 మిల్లీగ్రాము.

ఇక ఆయన పట్టుబట్టిన కొలత సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు దేశంలో 35.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, ఎన్‌ఐఎన్ ఉన్న తెలంగాణలో 33.1 శాతం. కొలత తగ్గించి ఉంటే ఈ పిల్లల్లో చాలామంది లెక్కలోకే వచ్చేవాళ్లు కాదు.