బొగ్గు బస్సు నుంచి కరెంటు బస్సు దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత సంగతులేవైనా రాయమని కార్యదర్శి గారు కబురు పెట్టారు. రెవెన్యూ గుమాస్తాగా నేను చూసినవి కాగితాలే ఎక్కువ. అయినా పుట్టి పెరిగింది పత్తికొండ బస్టాండుకు దగ్గర్లో గనుక, బస్సుల చరిత్ర నాకు తెలిసినంత రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చి, బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవని మా నాయన చెప్పేవాడు. బస్సుకు పొయ్యి లాంటి డ్రమ్ము ఒకటి తగిలించేవారు. చాలీచాలని గాలితో అందులో కట్టెబొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దాన్ని వడకట్టి ఇంజనుకు పంపేవారు. ఎత్తు వస్తే జనం దిగి తోసేవారట. ఆ గ్యాసు రంగూ వాసనా లేని విషమని ఎక్కినవారిలో ఎందరికి తెలుసో!

1939 మోటారు వాహనాల చట్టం బస్సులకు, లారీలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండాలన్నది. మన ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. దానికి మూలం 1932 జూన్‌లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో పెట్టిన రోడ్డు రవాణా శాఖ.

నేను నౌకరీలో చేరింది 1970లలో. ఫైళ్లు పట్టుకొని కర్నూలుకు పోయి వస్తే, వేసుకున్న తెల్ల చొక్కా సాయంత్రానికి మసిగుడ్డ అయ్యేది. 1989 నాటి కేంద్ర నిబంధనలు పొగకు కొలత పెట్టాయి. పసిపిల్లల మెదడుకు చెరుపు చేసే సీసం కలిసిన పెట్రోలు 2000 ఫిబ్రవరిలో దేశమంతటా ఆగిపోయింది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ నుంచి 6 అమలైనాయి. డీజిలులో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10 పాళ్లకు దిగింది. గంధకం ఎక్కువైతే పొగను శుద్ధిచేసే పరికరాలు పాడవుతాయి. అందుకే ముందు డీజిలును బాగుచేయవలసి వచ్చింది. 2022లో తిరుమల కొండకు కరెంటు బస్సులు కూడా ఎక్కాయి.

పొగ విషయంలో ఇంత జరిగింది. మరి ప్రాణం విషయంలో?

నేను సర్వీసులో ఉండగా ఒక బస్సు బోల్తాపడింది. చనిపోయినవారి జాబితా శుభ్రప్రతి రాయడం నా సీటు పని. పేరు, తండ్రి పేరు, వయస్సు. వయస్సు గడిలో 4 అని రాసేటప్పుడు కలం ఆగింది. ఫైల్లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు నకలు ఉంది. గడువు కూడా తీరలేదు. కానీ వెనుక తలుపుకు అడ్డంగా సీటు బిగించి ఉన్నదని బతికినవారు చెప్పారు. నలభై ఏళ్లు కాగితాన్ని నమ్మినవాణ్ణి. ఆ రోజు మాత్రం దాని మీద నమ్మకం సడలింది.

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. అదే హైదరాబాదు–బెంగళూరు రహదారి మీద 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, మన కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర మరో బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు బలయ్యారు. కిటికీ అద్దాలు పగలగొట్టుకొని కొందరు బయటపడ్డారు. ఆ వార్త చదువుతుంటే నా పాత జాబితాయే కళ్ల ముందు కదిలింది.

పొగను యంత్రంతో కొలుస్తారు గనుక అది తగ్గింది. తలుపును కాగితం మీద కాక, తెరిచి చూసి సంతకం పెట్టిన నాడు చావులూ తగ్గుతాయి. తనిఖీ ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. రాత్రి బస్సెక్కే మనవలు, మనవరాళ్లకు కూడా ఒక మాట: పడుకునే ముందు అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో చూసుకోమనండి. నా మనవడు బెంగళూరు పోయేటప్పుడు నేను ఫోను చేసి అడిగేది ఇదే. వాడు నవ్వుతాడు, కానీ చూస్తాడు. నాకు అది చాలు.