మోటార్‌హోమ్ రేడియేటర్: ఎప్పుడు బాగు చేయించాలి, ఎప్పుడు మార్చాలి?

అమెరికా హైవేల మీద బస్సంత పొడవున్న బండ్లు కనిపిస్తుంటాయి. లోపల పడకగది, వంటగది, స్నానాలగది అన్నీ ఉంటాయి. వీటినే మోటార్‌హోమ్‌లు అంటారు. వీటిలో ఖరీదైన రకానికి 'డీజిల్ పుషర్' అని పేరు. ఇంజిన్ వెనక ఉండి బండిని ముందుకు తోస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పొడవు 35 నుంచి 45 అడుగుల దాకా ఉంటుంది. ఇంజిన్ చాలావాటిలో కమిన్స్‌ది, గేర్‌బాక్స్ ఆలిసన్ ఆటోమేటిక్.

ఇంత బండిని రోడ్డు పక్కన ఆపేయడానికి ఒక్క రేడియేటర్ లీకు చాలు. వేడెక్కిన ఇంజిన్‌ను అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, సిలిండర్ హెడ్ వంకర తిరుగుతుంది, చివరికి ఇంజిన్ సీజ్ అవుతుంది. రేడియేటర్ మార్చడానికే వేల డాలర్లు అవుతాయి. ఇంజిన్ దాకా వస్తే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. అందుకే పిల్లాపాపలతో దూర ప్రయాణం చేసేవాళ్లు ఈ విషయం కొంచెమైనా తెలుసుకోవాలి.

రేడియేటర్ ఎక్కడ ఉంటుంది?

డీజిల్ పుషర్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో రేడియేటర్ బండికి పూర్తిగా వెనక ఉంటుంది. ఇంజిన్ ఫ్యాన్ కింద నుంచి గాలి లాగి, రేడియేటర్ గుండా బయటికి తోస్తుంది. రెండో రకంలో రేడియేటర్ పక్కన ఉంటుంది. దాని ఫ్యాన్ సాధారణంగా హైడ్రాలిక్ మోటార్ మీద తిరుగుతుంది. పెద్ద ఛాసిస్‌లలో ఇదే ఎక్కువ. శుభ్రం చేయడానికి కూడా ఇదే సులువు.

రేడియేటర్ ఒంటరిగా ఉండదు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే చార్జ్ ఎయిర్ కూలర్, ఏసీ కండెన్సర్, హైడ్రాలిక్ ఆయిల్ కూలర్ లాంటివి చాలా బండ్లలో దానికి ఆనించి వరసగా ఉంటాయి. వీటిలో ఏది మూసుకుపోయినా వెనకున్నదానికి గాలి అందదు.

వేడెక్కితే రేడియేటర్‌నే అనుమానించాలా?

తొందరపడి రేడియేటర్ మార్చేయకూడదు. వెనక రేడియేటర్ ఉన్న బండ్లలో వేడెక్కడానికి పెద్ద కారణం మట్టి. టైర్లు లేపిన దుమ్మును ఫ్యాన్ లాగుతుంది. ఇంజిన్ క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే నూనె తుంపర కూడా అదే గాలిలో కలుస్తుంది. రెండూ కలిసి చార్జ్ ఎయిర్ కూలర్ మీద ముద్దలా పేరుకుంటాయి. ఇది ఇంజిన్ వైపు జరుగుతుంది కాబట్టి బండి వెనక నిలబడి చూస్తే రేడియేటర్ తళతళలాడుతూ కనిపిస్తుంది. అసలు సంగతి తెలియాలంటే మంచం కింది మూత తీసి, టార్చిలైటు వేసి లోపలి వైపు చూడాలి.

కడగడం కూడా లోపలి నుంచే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అల్యూమినియానికి పడే డిగ్రీజర్ చల్లి, కాసేపు నాననిచ్చి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. వెనక నుంచి తేట నీళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఫిన్లు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత బ్రీదర్ గొట్టానికి మరో పైపు తగిలించి, దాని చివర ఫ్యాన్ గాలికి దూరంగా వచ్చేలా చేస్తే నూనె మళ్లీ పేరుకోదు.

థర్మోస్టాట్, వాటర్ పంప్, బెల్టు, ఫ్యాన్ కూడా చూడాలి. హైడ్రాలిక్ ఫ్యాన్ ఉన్న బండిలో కంట్రోల్ వాల్వ్ పోతే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. దానికి కొత్త రేడియేటర్ వేసినా లాభం లేదు.

ప్రెషర్ మూత చిన్నదే కానీ దాని పని పెద్దది. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే మామూలుగా సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పౌండ్ల మూత బిగించి ఉంటే దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు. మూత స్ప్రింగ్ బలం తగ్గితే కూలెంట్ ముందే మరిగి బయటికి పోతుంది.

లీకు ఎలా కనిపెట్టాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకు కొట్టి వదిలేయాలి. ముల్లు దిగుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. బయట చెమ్మ, రంగు మరక, తెల్లటి పొడి కనిపిస్తే చోటు దొరికినట్టే. బయట ఏమీ లేకుండా కూలెంట్ తగ్గుతుంటే ఇంజిన్ లోపల అనుమానించాలి.

ఆలిసన్ గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ కొన్ని బండ్లలో రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. అది చిల్లిపడితే ఆయిల్, కూలెంట్ కలిసిపోతాయి. గేర్ ఆయిల్ పాలలాగా, గులాబీ రంగులో కనిపిస్తే బండి కదపకూడదు. గ్లైకాల్ తగిలితే గేర్‌బాక్స్ క్లచ్ ప్లేట్లు పాడవుతాయి.

బాగు చేయించాలా, మార్చాలా?

రాగి, ఇత్తడితో చేసిన పాత రేడియేటర్ అయితే టంకం పెట్టవచ్చు. కోర్ మొత్తం పోయినా ట్యాంకులు ఉంచి కొత్త కోర్ వేయించవచ్చు. మన ఊళ్లలో లారీ రేడియేటర్ షాపులు తరతరాలుగా చేస్తున్న పని ఇదే. అల్యూమినియం కోర్‌కు టంకం సరిగా పట్టదు, వెల్డింగ్ తెలిసినవాళ్లే చేయాలి. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే జిగురు నిలవదు, ట్యాంకు, గ్యాస్కెట్ మార్చాల్సిందే.

ఒక్కచోట చిన్న లీకు ఉండి, మిగతా కోర్ గట్టిగా ఉంటే బాగు చేయించడమే లాభం. ఫిన్లు ముట్టుకుంటే రాలిపోతున్నా, గొట్టాలు లోపల పూడుకుపోయినా, రెండు మూడు చోట్ల కారుతున్నా మార్చడం మేలు. దింపి ఎక్కించే కూలీయే పెద్ద ఖర్చు. అది రెండుసార్లు కట్టడం ఎవరికీ గిట్టదు. లీకు ఆపే పొడులు, ద్రావకాలు పోస్తే అవి హీటర్ కోర్‌లో, సన్న గొట్టాల్లో అడ్డం పడతాయి.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

బండి కిందికి దూరేముందు ఛాసిస్‌కు గట్టి స్టాండ్లు పెట్టాలి. లెవెలింగ్ జాక్‌లను, ఎయిర్ బ్యాగులను నమ్మకూడదు. గాలి దిగితే టన్నుల బరువు మనిషి మీద పడుతుంది. ఏసీ కండెన్సర్ విప్పాల్సి వస్తే గ్యాస్‌ను గాలిలోకి వదలడం అమెరికా చట్టం ప్రకారం నేరం. సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ యంత్రంతో లాగాలి.

పాత కూలెంట్ 10 గ్యాలన్లకు పైనే దిగవచ్చు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి, రీసైకిల్ చేసేచోట ఇవ్వాలి.

రేడియేటర్‌ను పట్టుకునే రబ్బరు బుష్‌లు, పాత హోస్‌లు, క్లాంపులు అప్పుడే మార్చేయాలి. బుష్‌లు అరిగితే ఛాసిస్ మెలిక రేడియేటర్ మీద పడి కొత్తది కూడా చీలుతుంది. నింపేటప్పుడు హీటర్ ఆన్ చేసి, ఇంజిన్ నడిపి, గాలి బుడగలు పోయేదాకా చూసి మళ్లీ నింపాలి.

కూలెంట్ రకం ఇంజిన్ పుస్తకంలో రాసిందే పోయాలి. వెట్ లైనర్లున్న డీజిల్ ఇంజిన్లలో లైనర్ అదురుకు కూలెంట్‌లో సన్న బుడగలు పుట్టి పగులుతూ ఇనుమును గుంతలు పడేలా తింటాయి. దాన్ని ఆపే రసాయనం కూలెంట్‌లో సరిపడా ఉందో లేదో టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకోవచ్చు.

దారిలో వేడెక్కితే

ఎత్తు ఎక్కుతుండగా ముల్లు లేస్తే గేరు తగ్గించి, వేగం తగ్గించాలి. ఇంజిన్ చుట్లు పెరిగితే పంపు, ఫ్యాన్ జోరందుకుంటాయి. కూలెంట్ కారిపోతున్నట్టు తెలిస్తే మాత్రం సురక్షితమైన చోట వెంటనే ఆపి ఇంజిన్ కట్టేయాలి. వేడి మీద మూత తీయనే కూడదు. చిమ్మే ఆవిరి, మరిగే కూలెంట్ ముఖం, చేతులు కాల్చేస్తాయి. అద్దె బండి అయితే ఏమీ విప్పకుండా ఇచ్చినవాళ్లకే ఫోన్ చేయాలి.

మన దగ్గర

2001లో భారత్‌కు వచ్చిన వోల్వో బీ7ఆర్ బస్సుకు కూడా ఇంజిన్ వెనకే. వెనక ఇంజిన్ ఉన్న టూరిస్టు బస్సులు నడిపే కుటుంబాలకు పై జాగ్రత్తల్లో చాలావరకు పనికొస్తాయి. బస్సు వేడెక్కుతోందని షాపుకు తీసుకెళ్తే మూడు మాటలు అడగాలి: ప్రెషర్ టెస్ట్ చేశారా? కూలర్ లోపలి వైపు చూశారా? ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోందా? మూడింటికీ జవాబు వచ్చాకే కొత్త రేడియేటర్‌కు డబ్బు కట్టాలి.