బండ్లు ఓడలైన కథ

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్నారు మన పెద్దలు. ఈ సామెతకు నిదర్శనం కోసం రాజుల చరిత్రలు వెదకనక్కరలేదు. మన ఇంటి వసారాలో గోనెపట్టా కప్పుకొని నిలిచిన పాత మోటారు సైకిలు చరిత్ర చాలును. ఒకనాడు వీధి వీధంతా తిరిగి చూసిన బండి, మరొకనాడు పాత ఇనుము తూకానికి పోయింది. అదే రకపు బండికి నేడు లక్షలలో బేరం పలుకుతున్నది. ఈ మూడు దశలూ ఎట్లా వచ్చినవో, వాటినుండి మన కుటుంబాలు గ్రహించవలసినది ఏమిటో ఈ ఉగాది సంచిక పాఠకులకు విన్నవించుకొంటాను.

మన తొప్పూరు ప్రాంతం ఈ కథకు తగిన చోటే. సేలం నుండి ధర్మపురి పోయే రోడ్డు ఇక్కడనే కనుమ ఎక్కుతుంది. బండి బలమెంతో ఈ ఎత్తు మీదనే తేలిపోతుంది. ఈ దక్షిణదేశంలోనే, మదరాసులో ఒకటి, మైసూరులో ఒకటి, రెండు ప్రసిద్ధమైన బండ్లు తయారైనవి. వాటి ధరను పడగొట్టిన చిన్న బండ్లలో కొన్ని మన పొరుగున హోసూరులోనే పుట్టినవి.

మొదటిది బుల్లెట్. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీది. 1950 తరువాతి తొలి సంవత్సరాలలో మన ప్రభుత్వం సైన్యం కోసం 800 బుల్లెట్లు తెప్పించింది. 1955లో మదరాస్ మోటార్స్ వారు ఆ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించినారు. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. 1970 నాటికి ఇంగ్లండులో తయారీ ఆగిపోయింది గాని, మన మదరాసులో ఆగలేదు. తల్లి పోయినా బిడ్డ బ్రతికినట్లయింది.

రెండవది జావా. చెకోస్లొవేకియా దేశపు బండి. ఫరోఖ్ ఇరానీగారి ఐడియల్ జావా కంపెనీ 1961లో మైసూరులో దీనిని తయారుచేయ మొదలుపెట్టింది. బండిని స్టార్టు చేసే కడ్డీతోనే గేర్లు కూడా మార్చవచ్చును. అది దాని ప్రత్యేకత. 1973 నుండి ఇదే కంపెనీ బండ్లు యెజ్డీ పేరుతో వచ్చినవి.

అది లైసెన్సుల కాలం. ఏ ఫ్యాక్టరీ ఎన్ని బండ్లు చేయవలెనో ప్రభుత్వమే నిర్ణయించేది. స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అందుచేత చేతులు మారిన బండికి కూడా మంచి ధరే ఉండేది. ఇది మొదటి దశ.

1980లో హోసూరులో టి.వి.ఎస్. 50 మోపెడ్ బయలుదేరింది. 1984లో అక్కడినుండే ఇండ్-సుజుకి వచ్చింది. హోసూరు అప్పుడు మన ధర్మపురి జిల్లాలోనిదే. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. 1985లో హీరో హోండా, యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చినవి. కొత్త బండ్లు తేలిక, పెట్రోలు ఖర్చు తక్కువ. నెల జీతగాడికి అంతకంటే కావలసినదేమున్నది? బుల్లెట్, జావా బరువని, ఖర్చని జనం ముఖం తిప్పుకొన్నారు. యెజ్డీ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. రాజ్‌దూత్ 350 కథ మరీ విచిత్రం. 1983లో సుమారు 18 వేల రూపాయల ధరతో వచ్చిన ఈ బండి వేగంలో మేటి, పెట్రోలు త్రాగడంలోనూ మేటి. కొనేవారు లేక కొన్ని ఏళ్ళకే తయారీ ఆపివేసినారు. ఎన్నో బండ్లు తుక్కు క్రింద పోయినవి. ఇది రెండవ దశ.

ఆ తుక్కులోనే మూడవ దశకు బీజం పడింది. వందలో తొంభై కరిగిపోతే మిగిలిన పదింటికే విలువ. అంతేగాక, ఆనాడు కొనలేక వీధిలో నిలబడి చూసిన కుర్రవాడు ఈనాడు సంపాదనాపరుడైనాడు. ఆనాటి కోరిక ఇప్పుడు తీర్చుకొంటున్నాడు. అందుకే రాజ్‌దూత్ 350 నేడు లక్షలలో పలుకుతున్నది. జావా పేరు 2018లోనూ, యెజ్డీ పేరు 2022లోనూ కొత్త బండ్ల మీద మరల కనబడ్డవి. తయారీ ఆగని బుల్లెట్‌కు మాత్రం పాతదైనంత మాత్రాన ధర రాదు. ఇంగ్లండులో చేసినవీ, కుడికాలి గేరు గల పాత పోత ఇనుప ఇంజనువీ అయితేనే గిరాకీ. విదేశాలలో సైతం ఇదే తీరు. విన్సెంట్ కంపెనీ 1955లో మోటారు సైకిళ్ళ తయారీ మానుకొన్నది. ఆ కంపెనీ 1951లో చేసిన బ్లాక్ లైట్నింగ్ బండి ఒకటి 2018లో అమెరికా వేలంలో 9 లక్షల 29 వేల డాలర్లకు పోయింది.

రైల్వే గుమాస్తాగా ఒక మాట. మోటారు సైకిలును రైలులో పంపేవారు పెట్రోలు తీసివేసి, గోనెలు చుట్టి తెస్తారు. ఫారంలో విలువ వ్రాయవలసిన చోట చాలామంది తటపటాయిస్తారు. విలువ ప్రకటించి, దానికి తగిన అదనపు రుసుము కట్టకపోతే, నష్టం జరిగినప్పుడు రైల్వే బాధ్యత బరువును బట్టి కట్టిన పరిమితికి మించదు. అంటే, యజమాని నోరు విప్పి చెప్పుకోనంతవరకు బండి ఎన్ని కిలోలో అంతే లెక్క. మన ఇళ్ళలో జరుగుతున్నది కూడా ఇదే. తండ్రి బండి విలువ కొడుకు ఎరుగడు. పాత సామానులవాడు ఎరుగును.

కనుక మన వలస కుటుంబాలు ముఖ్యంగా కాగితాలు భద్రపరచవలెను. బండి ఒక రాష్ట్రంనుండి మరొక రాష్ట్రానికి తెచ్చి 12 నెలలకు మించి ఉంచితే, ఇక్కడి నంబరు కోసం దరఖాస్తు చేయవలెను. దానికి పాత ఊరి ఆఫీసు నుండి నిరభ్యంతర పత్రం అవసరం. యజమాని గతిస్తే 30 రోజులలో ఆఫీసుకు తెలిపి, 3 నెలలలోగా వారసుల పేరుకు మార్పించుకోవలెను. 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నమోదు పద్ధతి ఏర్పరచింది. ఆర్.సి. పుస్తకం పోయిన బండి ఎంత మెరిసినా ధర సగానికి సగం పడిపోతుంది. అసలు భాగాలు తీసి కొత్త మెరుపులు తగిలించినా నష్టమే.

అట్లాగని అప్పుచేసి పాత బండ్లు కొనవద్దు. జ్ఞాపకాలు గలవారి వల్ల పెరిగిన ధర, ఆ జ్ఞాపకాలు గలవారు తగ్గిపోతే తగ్గును. ధరలు పడిపోయిన కాలంలో ఈ బండ్లను కాపాడినవారు వ్యాపారులు కారు. రోజూ ఎక్కి తిరిగినవారు, చేతులు నల్లబడగా మరమ్మతు చేసిన మేస్త్రీలు. మన పెద్దలు ఊరు విడిచి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకొన్న వస్తువులు కొద్ది. వాటిలో ఒకటి మీ వసారాలో ఉంటే, తూకం వేసే ముందు పెద్దవారినడిగి దాని చరిత్ర ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. తరువాత అమ్ముతారో, ఉంచుకొంటారో మీ ఇష్టం.