హైదరాబాదు వారసత్వ కట్టడాల జాబితా

హైదరాబాదు వారసత్వ కట్టడాల జాబితా అనునది హైదరాబాదు నగరంలోని చారిత్రక భవనాలు, ఆవరణలు, శిలాసముదాయాలను కూల్చివేత నుండి, విచక్షణారహితమైన మార్పుల నుండి కాపాడుటకు ప్రభుత్వం ప్రకటించిన అధికారిక పట్టిక. దీనికి 1995 డిసెంబరులో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగు నిబంధనలలో చేర్చిన 13వ నిబంధన ఆధారమైనది. ముంబై తరువాత ఇటువంటి నిబంధనలు చేసుకున్న నగరాలలో హైదరాబాదు మొదటి వరుసలోనిది. 2015 డిసెంబరులో 13వ నిబంధన తొలగించబడినది. ప్రస్తుతం రాష్ట్రంలో వారసత్వ రక్షణకు 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ముఖ్య ఆధారం.

ఒక కట్టడం "రక్షితం" అన్నంత మాత్రాన దానిని ఎవరు, ఏ చట్టం కింద, ఎంతవరకు రక్షిస్తున్నారో తెలియదు. కేంద్ర, రాష్ట్ర, నగర స్థాయిలలో వేరువేరు పట్టికలు ఉండుటయే ఇందుకు కారణం.

చరిత్ర

బ్రిటిషు ఇండియాలో 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చినది. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడినది. దాని మొదటి సంచాలకుడు గులాం యజ్దానీ. అప్పట్లో నిజాం రాజ్యంలోనే ఉన్న అజంతా గుహల చిత్రాల పరిరక్షణ ఈ శాఖ చేపట్టిన ప్రసిద్ధమైన పనులలో ఒకటి.

స్వాతంత్ర్యానంతరం భారత రాజ్యాంగం ఈ విషయాన్ని పంచి పెట్టినది. జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటించిన కట్టడాలు కేంద్ర జాబితాలోను (67వ అంశం), మిగిలిన ప్రాచీన కట్టడాలు రాష్ట్ర జాబితాలోను (12వ అంశం) చేర్చబడినవి. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను కాపాడుట రాజ్యపు బాధ్యత అని 49వ అధికరణం, సమష్టి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడుట పౌరుని విధి అని 51ఎ అధికరణం చెప్పుచున్నవి. ఆ ప్రకారం 1958లో కేంద్ర చట్టం, 1960లో ఆంధ్ర ప్రదేశ్ చట్టం వచ్చినవి.

ఈ రెండు చట్టాలూ ప్రధానంగా ప్రాచీన కట్టడాలను ఉద్దేశించినవి. ఆసఫ్‌జాహీల కాలపు దేవిడీలు, ఆసుపత్రులు, గడియార స్తంభాలు, ఇంకా వాడుకలో ఉన్న నివాస భవనాలు చాలావరకు వీటి పరిధిలోకి రాలేదు. నగరం విస్తరించి భూముల ధరలు పెరిగిన కొలది ఇటువంటి భవనాలు ఒక్కొక్కటిగా కూలిపోసాగినవి. ఈ ఖాళీని పూరించుటకే పట్టణ ప్రణాళికా నిబంధనల మార్గంలో 13వ నిబంధన తేబడినది.

మూడు రకముల పట్టికలు

కేంద్ర రక్షిత కట్టడాలు: వీటిని 1958 చట్టం కింద భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నిర్వహించును. దేశం మొత్తంలో ఇవి 3,600కు పైగా కలవు. హైదరాబాదులో చార్మినారు, గోల్కొండ కోట ఈ కోవకు చెందినవి. ఒక కట్టడాన్ని చేర్చదలచినపుడు కేంద్ర ప్రభుత్వం తన ఉద్దేశాన్ని రాజపత్రంలో ప్రకటించి, దాని ప్రతిని ఆ కట్టడం వద్ద అంటించవలెను. రెండు నెలలలోపు ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చును. వాటిని పరిశీలించిన తరువాతనే తుది ప్రకటన వెలువడును.

రాష్ట్ర రక్షిత కట్టడాలు: వీటిని రాష్ట్ర పురావస్తు శాఖ చూచును. తెలంగాణలో వీటికి 2017 వరకు 1960 చట్టం, ఆ తరువాత కొత్త చట్టం వర్తించినవి.

నగర వారసత్వ జాబితా: ఇది 13వ నిబంధన కింద ఏర్పడినది. ఇందులో సుమారు 150 భవనాలు, ఆవరణలు, శిలాసముదాయాలు చేరినవి. చౌమహల్లా ప్యాలెస్, ఫలక్‌నుమా ప్యాలెస్, పురానీ హవేలీ, ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు భవనం, శాసనసభ భవనం, ఎర్రమంజిల్ మొదలైనవి ఇందులోనివి. దక్కను పీఠభూమి యొక్క ప్రాచీన గ్రానైటు బండలను కూడా వారసత్వంగా గుర్తించుట ఈ జాబితా ప్రత్యేకత.

ఒకే కట్టడం ఒకటి కంటె ఎక్కువ పట్టికలలో ఉండవచ్చును. ప్రపంచ వారసత్వ జాబితా వీటికి భిన్నమైనది. దానిని యునెస్కో నిర్వహించును. 2021లో ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయం అందులో చేరినది. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినారు కలిపి 2010 నుండి తాత్కాలిక జాబితాలో ఉన్నవి.

13వ నిబంధన పనిచేసిన తీరు

జాబితాలోని భవనాన్ని కూల్చుటకే కాక, మరమ్మతు చేయుటకు, గదులు చేర్చుటకు, ముఖద్వారాలు, బాల్కనీల వంటి విశేష భాగాలు మార్చుటకు కూడా హుడా (2008 తరువాత హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) నుండి ముందస్తు అనుమతి పొందవలసి యుండెను. దరఖాస్తు వారసత్వ పరిరక్షణ సంఘానికి వెళ్ళును. ఆ సంఘం సలహా పైననే నిర్ణయం జరుగును. కొత్త పేర్లు చేర్చుటకు ముందు ప్రజల నుండి అభ్యంతరాలు, సూచనలు కోరుట కూడా నిబంధనలో భాగము.

కట్టడాలను శ్రేణులుగా విభజించిరి.

మొదటి శ్రేణి: జాతీయ లేదా చారిత్రక ప్రాముఖ్యం గల అత్యుత్తమ కట్టడాలు. వీటి ఆయుష్షు పెంచుటకు అవసరమైన పనులు తప్ప సాధారణంగా లోపల గాని, వెలుపల గాని మార్పులకు అనుమతి లేదు.

రెండవ శ్రేణి: ప్రాంతీయ, స్థానిక ప్రాముఖ్యం గలవి. వెలుపలి రూపాన్ని కాపాడుచు లోపల కొన్ని మార్పులు చేసుకొని, కొత్త అవసరాలకు వాడుకొనవచ్చును.

మూడవ శ్రేణి: వీధి స్వరూపానికి, పరిసరాల అందానికి తోడ్పడునవి. వీటిలో మార్పులకు వెసులుబాటు ఎక్కువ.

జాబితాలో చేరినంత మాత్రాన భవనం ప్రభుత్వపరం కాదు. యజమాని హక్కు యథాతథంగా ఉండును. అమ్ముకొనవచ్చును, అద్దెకు ఇచ్చుకొనవచ్చును. అయితే నిర్వహణ భారం కూడా యజమానిదే. తన స్థలంలో అంతస్తులు వేసుకొను అవకాశం కోల్పోయిన యజమానికి ఆ హక్కును మరొక చోట వాడుకొనుటకు, లేదా అమ్ముకొనుటకు వీలు కల్పించు పద్ధతిని అభివృద్ధి హక్కుల బదిలీ అందురు.

నిషిద్ధ, నియంత్రిత ప్రాంతాలు

కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతము. కొత్త నిర్మాణాలు చేయరాదు. అక్కడి నుండి మరొక 200 మీటర్లు నియంత్రిత ప్రాంతము; అనుమతితో మాత్రమే నిర్మించవలెను. 1992లో ప్రకటన ద్వారా వచ్చిన ఈ పరిమితులకు 2010 సవరణ చట్టరూపం ఇచ్చినది. జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ ఆ సవరణ ద్వారానే ఏర్పడినది. రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేసిన వారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

లాల్‌దర్వాజా ఉదాహరణ

లాల్‌దర్వాజా పాతబస్తీలో చార్మినారుకు దక్షిణాన కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్నది. అనగా చార్మినారు చుట్టూ గల 300 మీటర్ల పరిధి ఇక్కడికి రాదు. ఈ వీధులలోని పాత ఇల్లు ఏదైనా నిలవవలెనన్న, అది స్వయంగా ఏదో ఒక పట్టికలో ఉండవలెను. లేనిచో దానికి సాధారణ భవన నిర్మాణ నిబంధనలే వర్తించును.

ఈ పేరుకు "ఎర్ర తలుపు" లేక "ఎర్ర ద్వారం" అని అర్థం. పద్దెనిమిదవ శతాబ్దంలో నిర్మించిన నగర ప్రాకారపు ద్వారాలలో నేడు దబీర్‌పురా, పురానాపూల్ ద్వారాలు మాత్రమే మిగిలినవి. మిగిలిన ద్వారాల ఉనికి చాలావరకు పేటల పేర్లలోనే కానవచ్చును. పట్టికలు తయారగునాటికే పోయిన కట్టడాలకు ఏ పట్టికా అక్కరకు రాదు.

లాల్‌దర్వాజా ప్రసిద్ధికి ముఖ్య కారణం సింహవాహిని మహంకాళి దేవాలయము. 1908 మూసీ వరదల తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అమ్మవారికి బోనాలు సమర్పించిరని స్థానికుల కథనం. ఆషాఢ మాసంలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి ఆలయం మీదుగా సాగు బోనాలు పాతబస్తీలో లాల్‌దర్వాజా వద్ద పతాక స్థాయికి చేరును. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించినది.

కట్టడాల పట్టిక రాయిని, సున్నాన్ని, కొయ్యను లెక్కించును. ఘటాన్ని, రంగాన్ని, పోతరాజు నృత్యాన్ని లెక్కించదు. పూజలు జరుగు ఆలయం భక్తుల అవసరాన్ని బట్టి ఎప్పటికప్పుడు విస్తరించబడును, రంగులు వేయబడును. పాత రూపం మారలేదా అని చూచు పట్టికకు ఇటువంటి స్థలం సులువుగా ఇమడదు. ఆచారాలు, ఉత్సవాల వంటి అమూర్త వారసత్వానికై యునెస్కో 2003లో ప్రత్యేక ఒడంబడిక చేసినది.

నిబంధన తొలగింపు, కొత్త చట్టం

2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 13వ నిబంధనను తొలగించినది. వారసత్వ రక్షణ కోరువారు దీనిని తీవ్రంగా విమర్శించిరి. 2017లో శాసనసభ తెలంగాణ వారసత్వ చట్టాన్ని ఆమోదించినది. దీని కింద రాష్ట్ర స్థాయిలో వారసత్వ ప్రాధికార సంస్థ ఏర్పాటుకు వీలు కల్పించబడినది. పాత నగర జాబితాలోని పేర్లన్నియు కొత్త చట్టపు అనుబంధంలో చేరలేదని విమర్శ కలదు.

వివాదాలు

ఎర్రమంజిల్: నవాబు ఫఖ్రుల్ ముల్క్ నిర్మించిన ఈ భవనం స్థానంలో కొత్త శాసనసభ భవనం కట్టవలెనని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించినది. దీనిపై పలువురు ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేసిరి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసినది. నిబంధన పుస్తకం నుండి పోయినను, భవనపు చారిత్రక విలువను, పట్టణ ప్రణాళికా చట్టాలను ప్రభుత్వం విస్మరించరాదని ఈ తీర్పు వలన స్పష్టమైనది.

ఉస్మానియా ఆసుపత్రి: విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఈ భవనాన్ని కూల్చి కొత్తది కట్టవలెనని 2015లో ప్రతిపాదన వచ్చినది. 2020 జూలైలో వర్షపు నీరు వార్డులలోకి చేరగా పాత భవనాన్ని ఖాళీ చేయించిరి. సురక్షితమైన ఆసుపత్రి కావలెనని రోగులు, వైద్యులు ఒక వైపు, భవనం నిలవవలెనని వారసత్వాభిమానులు మరొక వైపు వాదించిరి. చివరకు 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగినది. వేరొక స్థలం ఎంచుకొనుటతో కొత్త ఆసుపత్రి కొరకు పాత భవనాన్ని కూల్చవలసిన అవసరం తప్పినది.

పరిమితులు

పట్టిక అనుమతి లేని పనిని ఆపగలదు గాని, నిర్లక్ష్యాన్ని ఆపలేదు. కప్పు కారుచున్న దేవిడీకి మరమ్మతు చేయించుకొను స్థోమత యజమానికి లేనిచో, అది ఎవరూ కూల్చకుండానే కూలును. ధనబలం, తగిన వాడుక తోడైన చోట ఫలితం వేరుగా ఉన్నది: చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించినది, ఫలక్‌నుమా అదే సంవత్సరం హోటలుగా తెరవబడినది. సామాన్యుల పాత ఇళ్ళకు ఇటువంటి అవకాశం అరుదు.

ఇవి కూడా చూడండి

చార్మినారు
లాల్‌దర్వాజా
బోనాలు
చౌమహల్లా ప్యాలెస్
భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ
రామప్ప దేవాలయం